ఏసీల కంపెనీలో గడిచిన రెండేళ్లు

చిరంజీవి శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

ఏసీల కంపెనీలో రెండేళ్లు పోయాయనీ, వాతావరణ పరిశోధనలోకి రావడానికి ఆలస్యమైందేమోననీ రాశావు. చదవగానే నాకు వాతావరణ శాస్త్రవేత్త వీరభద్రన్ రామనాథన్ గుర్తొచ్చారు. 1944లో తమిళనాడులో పుట్టి, అన్నామలైలో ఇంజనీరింగ్ చదివాక ఆయన ఉద్యోగం చేసింది ఎక్కడో తెలుసా? మన సికింద్రాబాద్‌లో, ఫ్రిజ్‌ల కంపెనీలో. ఫ్రిజ్‌ను చల్లబరిచే ఫ్రియాన్ గ్యాస్ ఎందుకు లీకవుతోందో కనిపెట్టడం ఆయన పని. నువ్వు రోజూ చేసే పనే!

తర్వాత బెంగళూరు ఐఐఎస్సీ, అక్కడి నుంచి అమెరికాలో స్టోనీ బ్రూక్ యూనివర్సిటీ. ఇంజనీరింగ్ పరిశోధనకని వెళ్తే, గైడు అప్పుడే గ్రహాల వాతావరణం వైపు మళ్లారు. శుక్రుడు, అంగారకుడి మీద వేడి లెక్కలు వేయడం ఈయన వంతైంది. 1974లో మొలీనా, రోలండ్ అనే రసాయన శాస్త్రవేత్తలు, ఫ్రియాన్ లాంటి సీఎఫ్‌సీలు (క్లోరోఫ్లోరోకార్బన్లు) పైనున్న ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని చెప్పారు. అందరి చూపూ ఓజోన్ మీదే. రామనాథన్ మాత్రం ఈ వాయువులు వేడిని ఏం చేస్తాయని అడిగారు.

నేల వదిలే వేడి పరారుణ కిరణాలుగా పైకి పోతుంది కదా. వాటిలో 8 నుంచి 12 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్నవాటికి నీటి ఆవిరి గానీ కార్బన్ డయాక్సైడ్ గానీ పెద్దగా అడ్డురావు. దాన్ని వాతావరణం చదివే మేం కిటికీ అంటాం. సీఎఫ్‌సీలు సరిగ్గా ఆ కిటికీకే అడ్డం పడతాయి. ఒక్కో అణువు దాదాపు పదివేల కార్బన్ డయాక్సైడ్ అణువులంత వేడిని ఆపుతుందని తేలింది. 1975లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసం మీద ఆయన పేరొక్కటే ఉంది.

అందుకే నీ లీక్ టెస్ట్ నోట్‌బుక్ పారేయకు. ఏ జాయింటు దగ్గర గ్యాస్ పోతుంది, ఏటా ఎంత నింపాల్సొస్తుంది, మెకానిక్ మిగిలినదాన్ని గాల్లోకి వదిలేస్తాడా లేదా అన్నీ రాసుకో. సీఎఫ్‌సీల బదులు ఇప్పుడు ఏసీల్లో వాడే హెచ్ఎఫ్‌సీ గ్యాసులు ఓజోన్ జోలికి పోవు గానీ వేడిని గట్టిగా పట్టేస్తాయి. వాటిని తగ్గించుకుందామని 2016లో రువాండాలోని కిగాలీలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. నిజంగా ఎంత లీకవుతోందన్నది కంప్యూటర్ ముందు కూర్చుంటే తెలియదు, నీకు తెలుసు.

గేట్ రాయి, పైథాన్ నేర్చుకో. కాలేజీ పేరు కన్నా గైడు ఏం చేస్తున్నారో చూసుకో. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే రాడార్ ఉంది, వీలైతే ఒకసారి చూసిరా.

ఒక్క విషయం మాత్రం నా బాధతో చెబుతున్నాను. ఉద్యోగంలో కొత్తల్లో, గ్రాఫ్ గీతకు దూరంగా పడ్డ రీడింగులను పరికరం తప్పని కొట్టేసేవాణ్ని. కొన్నేళ్లకు చూస్తే పరికరం బాగానే ఉంది. ఆ రీడింగులు మళ్లీ దొరకలేదు. నువ్వు ఏదీ కొట్టేయకు, పక్కన కారణం రాసి ఉంచు. చెప్పే మాట కూడా పరీక్షకు నిలిచేలా చెప్పు. రామనాథన్, మాడెన్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి 1980లోనే, 2000 నాటికి వేడెక్కడం స్పష్టంగా కనపడాలని గడువు పెట్టి మరీ రాశారు. అది కనపడకపోయి ఉంటే తప్పు వాళ్లదే అయ్యేది. అంత ధైర్యం నీకూ కావాలి.

దసరాకి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తెచ్చుకో. వాతావరణమంతా ఒకే పొర అనుకుని, నేల ఎంత వేడెక్కుతుందో కాగితం మీద కలిసి లెక్క వేద్దాం.

మీ పెదనాన్న