మరణ కారణాలను అధ్యయనం చేయాలంటే ఎంబీబీఎస్ తప్పనిసరా?

ప్రశ్న: మాది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఘట్‌కేసర్. మా అమ్మాయి గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్స్‌తో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. మన జిల్లాలో జనం ఏ కారణాలతో చనిపోతున్నారో అధ్యయనం చేస్తానని, అందుకు ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ కోర్సు)లో చేరతానని పట్టుబడుతోంది. ఎంబీబీఎస్ చదవనివారికి ఈ రంగంలో చోటుంటుందా?

జవాబు: ఉంటుంది. అయితే ఎంపీహెచ్ పట్టా కంటే, మీ అమ్మాయి ఇప్పటికే చదువుతున్న గణాంకశాస్త్రమే ఆమెకు ఎక్కువ అక్కరకు వస్తుందని నా అభిప్రాయం.

ఆసుపత్రిలో రోగి మరణిస్తే వైద్యులు ఫారం 4 అనే మరణ కారణ ధ్రువీకరణ పత్రంలో కారణం రాయాలి. పై వరుసలో మరణానికి తక్షణ కారణం, దాని కింద అందుకు దారితీసిన స్థితులు, అట్టడుగున మూలకారణం ఉండాలి. ఏళ్ల తరబడి మధుమేహంతో బాధపడి, మూత్రపిండాలు పాడై చనిపోయిన వ్యక్తి ఫారంలో ‘గుండె ఆగిపోవడం’ అని మాత్రమే రాసి వదిలేస్తే (ఎవరు పోయినా ఆగేది గుండే కదా), ఆ మధుమేహం జిల్లా లెక్కలకు ఎక్కనే ఎక్కదు. ఇక ఇంట్లో జరిగే మరణాల్లో చాలావాటికి వైద్య ధ్రువీకరణే ఉండదు. 2020లో దేశవ్యాప్తంగా నమోదైన మరణాల్లో వైద్యులు కారణాన్ని ధ్రువీకరించినవి దాదాపు 22 శాతమే.

మీది నగర శివారు జిల్లా కావడంతో మరో చిక్కు ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం ఎక్కడ సంభవిస్తే అక్కడే నమోదవుతుంది. ఘట్‌కేసర్ వాసి గాంధీ ఆసుపత్రిలో కన్నుమూస్తే ఆ నమోదు హైదరాబాద్‌లో జరుగుతుంది. ఎక్కడివారో ఔటర్ రింగ్ రోడ్డుపై మీ జిల్లా పరిధిలో ప్రమాదానికి గురై అక్కడికక్కడే ప్రాణాలు కోల్పోతే అది మీ జిల్లాలో నమోదవుతుంది. మృతుల నివాసాన్ని బట్టి ఈ లెక్కలను తిరిగి సరిచూడకుండా జిల్లా ఆరోగ్యం గురించి ఏమి చెప్పినా అది సగం నిజమే. ఈ పనికి కావలసింది స్టెతస్కోపు కాదు, గణాంకాలపై పట్టు.

అందువల్ల ముంబైలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ అందించే బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకశాస్త్రం), డెమోగ్రఫీ (జనాభా శాస్త్రం) ఎమ్మెస్సీని మొదట పరిశీలించండి. ఎంపీహెచ్ మీదే మనసుంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ దగ్గరలోనే ఉన్నాయి. అర్హతలు సంస్థను బట్టి మారతాయి కాబట్టి ఆ ఏటి ప్రకటన చూసుకోవాలి. ఫీజు కోసం పెద్ద మొత్తంలో అప్పు చేయడాన్ని మాత్రం నేను సమర్థించను. జాతీయ ఆరోగ్య మిషన్ కింద జిల్లాల్లో వచ్చే ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువే. పైగా ఎపిడెమియాలజిస్టు (వ్యాధుల వ్యాప్తి, కారణాలను అధ్యయనం చేసే నిపుణులు) పోస్టుల్లో తరచుగా వైద్య పట్టభద్రులకే ప్రాధాన్యమిస్తారు.

స్థిరమైన ఉద్యోగం కావాలంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) డిగ్రీ అర్హతతో నిర్వహించే సీజీఎల్ పరీక్ష ద్వారా భర్తీచేసే స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ గ్రేడ్-2 పోస్టు ఉంది. మరణ కారణాల గణాంకాలను దేశస్థాయిలో క్రోడీకరించే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంలోనే ఈ ఉద్యోగాలు ఉంటాయి. దీనికి డిగ్రీలో అన్ని సెమిస్టర్లలోనూ గణాంకశాస్త్రం చదివి ఉండాలన్న నిబంధన ఉంది కనుక, మార్కుల మెమోల్లో ఆ సబ్జెక్టు ప్రతి సెమిస్టర్‌కూ నమోదై ఉందో లేదో కళాశాల విడిచేలోపే సరిచూసుకొమ్మని అమ్మాయికి చెప్పండి.