అద్దాల స్టూడియోలో యాంకర్‌కు వీధి కనిపించేది నా ముఖంలోనే

వీధి వైపు అద్దాల గోడ ఉన్న న్యూస్ స్టూడియోలు సురక్షితమేనా, యాంకర్ల ధ్యాస చెదరదా అని అడిగారు. అలాంటి స్టూడియోలో నాలుగేళ్లు ఫ్లోర్ మేనేజర్‌గా, అంటే కెమెరాల పక్కన నిలబడి యాంకర్‌కు చేతి సైగలతో సూచనలిచ్చే మనిషిగా, పనిచేశాను. అద్దం ఎంత మందంగా ఉన్నా ధ్యాసను కాపాడదు. ఇది గట్టిగానే చెప్పగలను.

వాహనాల సంగతి ముందు చెప్పేస్తాను. 2007 డిసెంబర్ 23 రాత్రి షికాగోలో స్టేట్ స్ట్రీట్ మీదున్న డబ్ల్యూఎల్‌ఎస్ టీవీ ఛానెల్ స్టూడియో అద్దాన్ని ఒక మినీవ్యాన్ గుద్దింది. అప్పుడు పది గంటల వార్తలు లైవ్‌లో ఉన్నాయి. ఆ శబ్దానికి యాంకర్ ఉలిక్కిపడటం చూస్తున్నవాళ్లందరికీ కనిపించింది. కాలిబాట అంచున గట్టి స్తంభాలు పాతితే ఇలాంటివి చాలావరకు ఆగుతాయి. కానీ మనుషుల్ని ఏ స్తంభమూ ఆపదు.

మా సెట్‌లో యాంకర్ వీపు వీధి వైపు ఉండేది. వెనక జరిగేదంతా నాకు కనిపిస్తుంది, ఆమెకు కనిపించదు. ఒక సాయంత్రం ఆమె బస్సు ప్రమాదం వార్త చదువుతున్నారు. వెనక ఇద్దరు కుర్రాళ్లు ఫోన్ చెవిలో పెట్టుకుని చేతులూపుతున్నారు. ఇంటికి ఫోన్ చేసి "టీవీ పెట్టు, నేను కనిపిస్తున్నా" అనేవాళ్లు రోజూ ఉంటారు. చావు వార్త వెనక ఆ నవ్వులు పడటం నాకు ఇప్పటికీ బాధే. ఇంతలో ఒకాయన వాళ్లను తోసుకుంటూ వచ్చి అద్దాన్ని అరచేత్తో బాదడం మొదలుపెట్టాడు. రెండో చెయ్యి జేబులో ఉంది. ఆ జేబులో ఏముందో ఎవరికీ తెలియదు.

ఎన్ని సెకన్లు మిగిలాయో నేను వేళ్లతో ఆమెకు కౌంట్ ఇస్తున్నాను. నా చూపు ఒక్క క్షణం ఆమె భుజం మీదుగా వెళ్లింది. అంతే, ఆమెకు అర్థమైపోయింది. ప్రాంప్టర్ మీద, అంటే వార్త అక్షరాలు కనిపించే తెర మీద, చదువుతున్న లైను తప్పారు, మృతుల సంఖ్య బదులు గాయపడ్డవాళ్ల సంఖ్య చెప్పారు. టాక్‌బ్యాక్‌లో, అంటే యాంకర్ చెవిలోని ఇయర్‌ఫోన్‌లో, ప్రొడ్యూసర్ సరిదిద్దేలోపు ఆ తప్పు జనంలోకి వెళ్లిపోయింది. సెక్యూరిటీ వాళ్లు ఆయన్ని పక్కకు తీసుకెళ్లారు. జేబులో ఉన్నది ఒక అర్జీ కాగితం. ఆయన అరచేతి ముద్ర మాత్రం తర్వాతి బులెటిన్ దాకా అద్దం మీదే ఉంది, ఆమె చెవి పక్కనే, ప్రతి క్లోజప్‌లోనూ.

జనానికి దగ్గరగా ఉండాలని ఇలాంటి స్టూడియోలు కడతారు. ఆ కోరిక తప్పని నేను అనను. కట్టేవాళ్లు ఒక్కసారైనా ఆ కుర్చీలో వీపు పెట్టి కూర్చుని చూడాలి. 2014 డిసెంబర్‌లో సిడ్నీలోని మార్టిన్ ప్లేస్‌లో ఒక సాయుధుడు కేఫేలో జనాన్ని బందీలుగా పట్టుకున్నప్పుడు, దానికి ఎదురుగానే ఉన్న టీవీ స్టూడియోను ఖాళీ చేయాల్సి వచ్చింది. ఎదురుగా అలాంటిది జరుగుతుంటే అద్దం వెనక కూర్చుని వార్తలు చదవమని ఎవరిని అడుగుతాం?

అద్దం బాదిన ఆ సాయంత్రం తర్వాత, స్విచ్ వేస్తే మసకబారే అద్దం పెట్టించమని మావాళ్లను అడిగాను. పెట్టించారు, కానీ స్విచ్ పీసీఆర్‌లో, అంటే ప్రసారాన్ని నడిపించే కంట్రోల్ రూమ్‌లో, బిగించారు. అక్కడున్నవాళ్లకు కెమెరా చూపించే ముక్క తప్ప వీధి కనిపించదు. మీరు ఎవరైనా అలాంటి స్టూడియో కట్టిస్తుంటే, దయచేసి ఆ స్విచ్‌ను ఫ్లోర్ మేనేజర్ చేతికందేలా పెట్టించండి.