జర్నలిజం విద్యార్థులకు మీడియా చట్టాలు, కోర్టులు నేర్పడానికి ఆన్‌లైన్‌లో ఏం వాడాలి?

సెక్షన్లు చెప్పడం మొదలెట్టగానే క్లాసు నీరసపడిపోతోందని, ఆసక్తిగా నేర్పే ఆన్‌లైన్ వనరులు చెప్పమని అడిగారు. నా సలహా: సెక్షన్లతో మొదలెట్టకండి, నడుస్తున్న ఒక కేసుతో మొదలెట్టండి.

సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాల వాదనలు 2022 సెప్టెంబరు నుంచి లైవ్‌లో వస్తున్నాయి. కొన్ని హైకోర్టులూ ఇస్తున్నాయి. ముందురోజు కాజ్ లిస్టు (మర్నాడు విచారణకు వచ్చే కేసుల జాబితా) తీసి కోర్టు హాలు నంబరు, ఐటెం నంబరు విద్యార్థులతోనే వెతికించండి. పూటంతా చూపిస్తే విసిగిపోతారు, 20 నిమిషాలు చాలు. వెంటనే 150 పదాల వార్త రాయించండి. ఆర్డరు కాపీ వెబ్‌సైట్లోకి వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చదివించండి.

అసలు పాఠం అక్కడే దొరుకుతుంది. జడ్జి వాదనల మధ్యలో అడిగిన ప్రశ్నకు చాలామంది ‘ప్రభుత్వానికి హైకోర్టు మొట్టికాయలు’ అని హెడ్డింగ్ పెట్టేస్తారు. ఆర్డరులో మాత్రం నోటీసులు జారీ, కౌంటరుకు (ఎదుటి పక్షం రాతపూర్వక జవాబుకు) గడువు, వాయిదా తేదీ, అంతే ఉంటాయి. అలాగని నోటిమాట రాయకూడదని చెప్పకండి. మద్రాసు హైకోర్టు మౌఖిక వ్యాఖ్యలను మీడియా రాయకుండా ఆపాలని ఎన్నికల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్తే, 2021 మే 6న కోర్టు ఆ కోరిక తోసిపుచ్చింది. అదే తీర్పులో నోటిమాట ఆర్డరు కాదనీ తేల్చింది. తీర్పు ఇండియన్ కానూన్ అనే తీర్పుల వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది, తప్పక చదివించండి. ‘మౌఖికంగా వ్యాఖ్యానించింది’, ‘ఆదేశించింది’ అనే మాటలు ఎక్కడ ఏది వాడాలో అప్పుడు చెబితే మర్చిపోరు. 1971 కోర్టు ధిక్కార చట్టం సెక్షన్ 4 రక్షణ నిష్పాక్షికంగా, కచ్చితంగా రాసిన వార్తకే ఉంటుందన్నది కూడా అక్కడే కలపండి.

జిల్లా కోర్టుల కేసులకు ఈ-కోర్ట్స్ యాప్ వాడండి. 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు (ఒక్కో కేసుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఉంటే కేసు చరిత్ర మొత్తం వస్తుంది. పేరుతో వెతికితే తరచూ దొరకదు, ఎందుకంటే ఇంగ్లీషులో ‘లక్ష్మి’ని ఒక్కో గుమస్తా ఒక్కోలా టైపు చేస్తారు. రెండు మూడు స్పెల్లింగులు ప్రయత్నించమనండి.

లైంగిక నేరాల బాధితులెవరో బయటపెట్టకూడదన్న విషయానికి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 23, బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 72 చట్టాలన్నీ ఉండే ఇండియా కోడ్ సైట్లో తెరిచి, పాత వార్తలు నాలుగైదు ముందు పెట్టండి. పేర్లు కొట్టేసి పంచండి. బాధితురాలు ఎవరో ఊళ్లోవాళ్లు పోల్చుకోగలిగే వివరాల కింద గీతలు గీయమనండి. తండ్రి చేసే పని, బడి పేరు, వీధి, ఇంటి ముందు తీసిన ఫొటో ఒక్కొక్కటే బయటపడతాయి. పేరు మార్చేస్తే సరిపోదని వాళ్లకే తెలుస్తుంది. నా దృష్టిలో కోర్సు మొత్తంలో దీన్ని మించిన అభ్యాసం లేదు.

తెలుగు మీడియం పిల్లలకు సుప్రీంకోర్టు సైట్లో కొన్ని తీర్పుల తెలుగు అనువాదాలున్నాయి. అవి అర్థం చేసుకోవడానికే, ఉటంకించేటప్పుడు ఇంగ్లీషు ప్రతి చూడాలి. పాత నోట్స్‌లో పరువునష్టానికి ఐపీసీ 499, 500 అని ఉంటే బీఎన్ఎస్ 356గా మార్చుకోండి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టమే అమల్లో ఉంది. ఇంకొకటి, లైవ్ వీడియోను ముక్కలుగా కత్తిరించి విద్యార్థుల ఛానెల్లో పెట్టనివ్వకండి. అనుమతి లేకుండా అలా వాడటాన్ని కోర్టుల లైవ్ స్ట్రీమింగ్ నిబంధనలు ఒప్పుకోవు. క్లాసులో కోర్టు అధికారిక లింకు నుంచే చూపించండి.