గడువు దాటిన రక్తంలోంచి హిమోగ్లోబిన్ తీసి ఎక్కించలేమా?

మీరు అడిగింది ఇది: ఇంట్లో ఒకరిది అరుదైన గ్రూపు. గ్రూపును తేల్చే యాంటిజెన్లు ఎర్ర కణం పొర మీదే ఉంటాయి కాబట్టి, గడువు దాటిన రక్తం తీసుకుని పొర వదిలేసి లోపలి హిమోగ్లోబిన్ మాత్రం ఎక్కిస్తే సరిపోదా? ఆలోచన సరైనదే. నేను కొన్నేళ్లు సరిగ్గా ఇలాంటి హిమోగ్లోబిన్ తయారుచేసే ల్యాబ్‌లోనే పనిచేశాను. ఆక్సిజన్ మోయించడం ఇందులో తేలికైన పని. ఆ పొర చేసిపెట్టే మిగతా పనులే మమ్మల్ని సతాయిస్తాయి.

కణం బయట పడ్డ హిమోగ్లోబిన్ నిలవదు. నాలుగు గొలుసుల అణువు రెండు జంటలుగా విడిపోయి కిడ్నీల్లోకి దిగుతుంది, వాటిని దెబ్బతీస్తుంది. ప్రసవం తర్వాత తీవ్రంగా రక్తం పోయిన ఒకామెకు హిమోగ్లోబిన్ ద్రావణం ఎక్కించిన సంగతిని ఆంబర్సన్ అనే పరిశోధకుడి బృందం 1949లో ప్రచురించింది. ఆమె మొదట తేరుకుంది, తర్వాత కిడ్నీలు పనిచేయక చనిపోయింది.

అందుకే అణువులను ఒకదానికొకటి రసాయనంతో అతికిస్తారు. మేం వాడింది గ్లుటరాల్డిహైడ్. నైట్రోజన్ పంపి ఆక్సిజన్ తీసేసిన ద్రావణంలో దాన్ని చాలా నెమ్మదిగా కలపాలి. నురగ రానివ్వకూడదు, వస్తే ప్రోటీన్ పాడవుతుంది. ఎర్రగా ఉండాల్సిన ద్రావణం గోధుమ రంగుకు తిరుగుతోందంటే ఇనుము ఆక్సీకరణం చెంది మెట్‌హిమోగ్లోబిన్ అవుతోందన్నమాట, ఇక అది ఆక్సిజన్ మోయదు. ద్రావణం ఏ రంగు కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ గ్రాఫులో, మెట్‌హిమోగ్లోబిన్ బయటపడే 630 నానోమీటర్ల దగ్గర చిన్న బొడిపె లేచినా మాకు టెన్షనే. కణం లోపలైతే దీన్ని ఎప్పటికప్పుడు సరిచేసే ఎంజైములు ఉంటాయి. సీసాలో ఎవరున్నారు?

ఇదంతా దాటినా అసలు చిక్కు మిగిలే ఉంటుంది. రక్తనాళాల గోడలు నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తూ నాళాలను వదులుగా ఉంచుతాయి. విడి హిమోగ్లోబిన్ ఆ వాయువును పీల్చేసుకుంటుంది. దాంతో నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. రక్తం కారిపోతున్న మనిషికి బీపీ పెరిగితే మంచిదేగా అని మొదట్లో కొందరు అనుకున్నారు కూడా! అంకెలు మాత్రం వేరే మాట చెప్పాయి. బాక్స్టర్ కంపెనీ హెమ్‌అసిస్ట్ అనే తన హిమోగ్లోబిన్ ద్రావణాన్ని గాయాల రోగులకిచ్చిన ట్రయల్‌లో 28 రోజులకు 46 శాతం మంది చనిపోయారు, సెలైన్ పొందినవారిలో 17 శాతం. 1998లో ఆ ట్రయల్ ఆపేశారు. ఇలాంటి 5 ఉత్పత్తుల మీద జరిగిన 16 ట్రయల్స్‌ను 2008లో కలిపి చూస్తే మరణ ప్రమాదం 30 శాతం ఎక్కువ, గుండెపోటు ప్రమాదం 2.7 రెట్లు. వేర్వేరు ఉత్పత్తులను ఒకే గాటన కట్టారన్న విమర్శ వచ్చింది. అందులో కొంత న్యాయం ఉంది కానీ, ఆ గుండెపోట్లను పక్కకు తోసేయలేం.

అలాగని అన్నీ మూలపడలేదు. పశువుల హిమోగ్లోబిన్‌తో చేసిన హీమోప్యూర్‌కు దక్షిణాఫ్రికా 2001లో అనుమతి ఇచ్చింది. అమెరికాలో వేరే దారి లేని రోగులకు ప్రత్యేక అనుమతితో ఇచ్చిన సందర్భాలున్నాయి. గది ఉష్ణోగ్రతలో ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది, అదొక వరం. ఒంట్లో మాత్రం సగం దాదాపు ఒక్క రోజులోనే పోతుంది. పైగా ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, మొత్తం ఎర్రబడుతుంది కాబట్టి, రంగును బట్టి కొలిచే రక్తపరీక్షల ఫలితాలు తారుమారు కావచ్చు. వార్డులో ఉన్నవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి.

ఇప్పుడు నాకు నమ్మకం కలిగిస్తున్నది హిమోగ్లోబిన్‌ను మళ్లీ ఒక కొవ్వు పొరలో చుట్టే పద్ధతి. జపాన్‌లో నారా వైద్య విశ్వవిద్యాలయం బృందం గడువు దాటిన రక్తంతోనే ఇలాంటి సూక్ష్మ గోళాలు చేసి ఆరోగ్యవంతులపై తొలి దశ పరీక్ష జరిపింది. అంటే మీరు తీసేద్దామన్న పొరనే, యాంటిజెన్లు లేకుండా, తిరిగి తొడుగుతున్నారు. ఇది నిలబడినా అంబులెన్సులో కొన్ని గంటలు ప్రాణం నిలపడానికే తప్ప, నెలనెలా రక్తం ఎక్కించుకోవాల్సినవారికి బదులు కాదని నా అభిప్రాయం.

మీ ఇంట్లోవారి విషయంలో దీనికోసం ఎదురుచూడకండి. ఆపరేషన్ ఏదైనా ఉంటే గ్రూపు సంగతి వీలైనంత ముందే డాక్టరుకు, బ్లడ్ బ్యాంకుకు చెప్పండి. అరుదైన దాతల జాబితాలో వెతకడానికి వాళ్లకు సమయం కావాలి. ఐరన్‌తో హిమోగ్లోబిన్ ముందే పెంచడం, సొంత రక్తం తీసి దాచడం, ఆపరేషన్‌లో కారిన రక్తాన్నే శుద్ధి చేసి తిరిగి ఎక్కించడం, వీటిలో ఏవి కుదురుతాయో అడగండి.