టెక్ సందేహాలు: బాయిలర్ వాల్వ్ కారుతోంది, నేనే మార్చేయనా?

ప్రశ్న: మిల్టన్ కీన్స్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. కాంబి బాయిలర్ (హీటింగ్‌కీ, కుళాయి వేడినీళ్లకీ ఒకటే గ్యాస్ బాయిలర్). గోడ బయటికి వచ్చిన సన్న రాగి పైపులోంచి వారం రోజులుగా నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. హీటింగ్ వేస్తే ప్రెషర్ గేజ్‌లో ముల్లు 3 బార్ (ప్రెషర్ కొలమానం) దాకా పోతోంది, తెల్లారేసరికి సున్నాకి దిగుతోంది. రోజూ ఫిల్లింగ్ లూప్ (మెయిన్ నీళ్లను బాయిలర్‌లోకి వదిలే కుళాయి గొట్టం) తిప్పి నీళ్లు నింపుతున్నా. ఆ పైపులోకి నీళ్లు వదిలే సేఫ్టీ వాల్వ్ ఆన్‌లైన్‌లో చవకే. నేనే మార్చేయనా?

జవాబు: వద్దండీ. పైగా తప్పు వాల్వ్‌ది కాకపోవచ్చు. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఎక్స్‌పాన్షన్ వెసెల్ వైపే వేలు చూపిస్తున్నాయి.

నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. రేడియేటర్లలో, పైపుల్లో కలిపి 100 లీటర్లు ఉన్నాయనుకోండి. 10 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 3 లీటర్లు పెరుగుతాయి. ఆ పెరిగిన నీటికి చోటివ్వడానికే ఈ వెసెల్. లోపల రబ్బరు పొర, దానికి ఒకవైపు నీళ్లు, రెండోవైపు గాలి. ఏళ్లు గడిచేకొద్దీ గాలి తగ్గిపోతుంది, లేదా పొర చిరుగుతుంది. అప్పుడు నీటికి చోటుండదు. ప్రెషర్ 3 బార్‌కి చేరగానే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీళ్లు బయటికి వదిలేస్తుంది. చల్లారాక చూస్తే వ్యవస్థలో నీళ్లు తక్కువ, ముల్లు కింద. మీరు మళ్లీ నింపుతారు, సాయంత్రం మళ్లీ అదే కథ.

మీరు నింపే కొత్త నీళ్లతోపాటు ఆక్సిజన్ కూడా లోపలికి వెళ్తుంది. రేడియేటర్లు లోపల తుప్పు పట్టి నల్లటి మడ్డి పేరుకునేది అందుకే. కాబట్టి దీన్ని నెలల తరబడి లాగకండి.

ఒక్కటి మాత్రం మీరే చూసుకోవచ్చు. హీటింగ్ ఆపేసి ఉన్నా ముల్లు నెమ్మదిగా పైకి పాకుతుంటే ఫిల్లింగ్ లూప్ కుళాయి సరిగా మూసుకోవట్లేదని అనుమానించాలి. మూసేయండి. చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ ఉంటే చాలు. బయట కారేది రాగి పైపు కాక తెల్ల ప్లాస్టిక్ పైపు అయితే అది కండెన్సేట్ నీరు (బాయిలర్ పొగలోని ఆవిరి చల్లబడి మారిన నీరు), కారడమే దాని పని. రాగి పైపుకి మాత్రం చచ్చినా బిరడా పెట్టకండి. దాని కింద చెయ్యి కూడా పెట్టొద్దు, ఒక్కసారిగా మరిగే నీళ్లు రావచ్చు.

మిగతాది గ్యాస్ సేఫ్ (గ్యాస్ పనివాళ్ల అధికారిక జాబితా) రిజిస్టర్డ్ ఇంజనీర్ పని. బ్రిటన్‌లో గ్యాస్ పనులకు ఆ రిజిస్ట్రేషన్ చట్టప్రకారం తప్పనిసరి. ఐడీ కార్డు వెనక్కి తిప్పి చూడండి, ఆయనకు ఏ పనులకు అర్హత ఉందో అక్కడ రాసి ఉంటుంది. ఆయన ప్రెషర్ దింపి, కారు టైరుకి ఉండేలాంటి వాల్వ్ ద్వారా వెసెల్‌లో గాలి నింపుతాడు. ఆ వాల్వ్ నొక్కితే గాలికి బదులు నీళ్లు వచ్చాయా, పొర చిరిగినట్టే, వెసెల్ మార్చాలి. సేఫ్టీ వాల్వ్ కూడా అప్పుడే మార్పించండి. తరచూ తెరుచుకున్న వాల్వ్‌లో మడ్డి ఇరుక్కుని, మళ్లీ గట్టిగా మూసుకోకపోవడం మామూలే.

ఖర్చు గురించి టెన్షన్ వద్దు. హీటింగ్, వేడినీళ్ల ఏర్పాట్లు బాగు చేయించే బాధ్యత 1985 నాటి చట్టం ప్రకారం ఇంటి ఓనర్‌దే. ఈరోజే గేజ్ ఫొటోతో ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో చెప్పి ఊరుకోకండి.

ప్రశ్న: విజయవాడలో మాది 25 లీటర్ల గీజర్. వేడెక్కేటప్పుడు పక్కనున్న వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయి. మూత బిగించేస్తానంటున్నాడు ప్లంబర్.

జవాబు: బిగించనివ్వకండి. మామూలు గీజర్లలో ఎక్స్‌పాన్షన్ వెసెల్ ఉండదు, పెరిగిన నీళ్లు వెనక్కి పోకుండా ఆ వాల్వే అడ్డుకుని, బయటికి వదులుతుంది. అందుకే 25 డిగ్రీల నుంచి 65కి వేడెక్కేలోపు సుమారు 400 మిల్లీలీటర్లు కారడం సహజం. సన్న ట్యూబు తగిలించి డ్రెయిన్‌లోకి వదలండి. గీజర్ ఆపినా కారుతూనే ఉంటే మాత్రం వాల్వ్‌లో ఉప్పు పేరుకుని ఉండాలి, లేదా అపార్ట్‌మెంట్ ప్రెషర్ పంపు జోరు ఎక్కువై ఉండాలి. మొదటిదైతే కొత్త వాల్వ్ వేయించండి. రెండోదైతే గీజర్‌కి వెళ్లే లైన్లో ప్రెషర్ తగ్గించే వాల్వ్ పెట్టించండి.