కుక్కపిల్ల వచ్చాక కుందేళ్లు మూలకు నక్కుతున్నాయంటే

కుక్కపిల్లను తెచ్చిన రోజే కుందేళ్ల బోను ముందు వదలడంతో అవి బెదిరిపోయాయి. మీ కుందేళ్లు వెనక కాళ్లతో నేలను టపటపా కొట్టడానికి కారణం కుక్కపిల్ల అల్లరి ఒక్కటే కాదు, దాని వాసన కూడా. రెండు నెలల లాబ్రడార్ పిల్లకు ఆ అల్లరి ఆటే. కుందేళ్లకు మాత్రం తమను వేటాడే జంతువు ఇంట్లోకి వచ్చినట్టు.

1. ముందు వేర్వేరు గదులు, మధ్యలో మూసిన తలుపు.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: చూపుకన్నా ముందు వాసన పరిచయం కావాలి. పిల్ల పడుకున్న పాత తువ్వాలును కుందేళ్ల గదిలో, వాటి గూటికి దూరంగా పెట్టండి. రోజూ కాస్త కాస్త గడ్డి దగ్గరికి జరపండి. కుందేళ్ల గుడ్డను పిల్ల దగ్గర ఉంచండి. కుందేళ్లు ఆ తువ్వాలు పక్కనే గడ్డి నములుతూ, కాళ్లు బార్లా చాపుకొని పడుకునేదాకా ముందుకు వెళ్లకండి. రెండు వారాలు పట్టినా సరే. తొందర మనదే, వాటిది కాదు.

3. ఆ తర్వాతే చూపు. పిల్ల ఆడి అలసిన వేళ, మెడపట్టీకి తాడు కట్టి, గదికి అవతలి చివర కూర్చోబెట్టండి. అది కుందేళ్ల మీది నుంచి చూపు మళ్లించి మిమ్మల్ని చూసిన ప్రతిసారీ చిన్న తిండి ముక్క ఇవ్వండి. కుందేళ్లు దాక్కోవడానికి బోనులో రెండు దారులున్న అట్టపెట్టె ఉంచండి.

పిల్ల పెద్దయ్యాక కూడా మీరు లేనప్పుడు కుందేళ్లతో కలిపి వదలకండి.

పిల్లకు గోమార్ల మందు వేశారా? అందులో ఫిప్రోనిల్ ఉంటే అది కుందేళ్లకు విషం, దగ్గరికి రానివ్వకండి. కుందేలు సగం రోజు గడ్డి ముట్టకపోతే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే పశువైద్యుడికి చూపించండి.