మ్యాప్స్‌లో పాప లొకేషన్ పాతదే చూపిస్తుంటే

పాప ఇంటికొచ్చి అన్నం తింటున్నా గూగుల్ మ్యాప్స్‌లో ఇంకా ట్యూషన్ దగ్గరే, "గంట క్రితం" అని చూపిస్తోందన్నారు కదండీ, అది చాలావరకు తన ఫోన్‌లోని బ్యాటరీ సేవర్ పనే. స్క్రీన్ ఆఫ్ అయ్యాక వెనకాల నడిచే యాప్‌ని ఆపేస్తుంది.

అందరూ తమ ఫోన్‌లో వెతుకుతారు, మార్చాల్సింది పాప ఫోన్‌లో.

1. సెట్టింగ్స్, యాప్స్, మ్యాప్స్, పర్మిషన్స్, లొకేషన్. ఇక్కడ "అలౌ ఆల్ ది టైమ్" పెట్టండి. యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే అన్నది అలాగే వదిలేస్తారు చాలామంది, అదీ ఒక తిరకాసే. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి వెర్షన్లలో ఇదే పేజీలో కింద ప్రిసైస్ లొకేషన్ (కచ్చితమైన చోటు చూపించే ఆప్షన్) కూడా ఉంటుంది, అది ఆఫ్‌లో ఉంటే సుమారు 3 చదరపు కిలోమీటర్ల అంచనాయే వస్తుంది.
2. సెట్టింగ్స్‌లో అదే మ్యాప్స్ పేజీలో బ్యాటరీ: అన్‌రెస్ట్రిక్టెడ్, అంటే వెనకాల నడుస్తుంటే ఆపొద్దని.

పాపని పక్కన కూర్చోబెట్టుకునే ఇదంతా చేయండి, చెప్పకుండా పెడితే తనే ఆఫ్ చేసేస్తుంది, మళ్లీ మీకే టెన్షన్.

తర్వాత ఫోన్ రీస్టార్ట్ చేసి, డేటా ఆన్‌లో ఉంచి, వీధి చివరిదాకా పంపి చూడండి.